తలసరి యూనిట్లతో సంస్కృతిని కొలవొద్దు: లెస్లీ వైట్ సూత్రం మీద ఒక పేచీ



ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లలో లెస్లీ వైట్ సూత్రం నోటికి రానివాళ్లు ఉండరు. సి = ఇ × టి. తలసరి శక్తిని, దాన్ని వాడుకునే సాధనాల సామర్థ్యంతో హెచ్చవేస్తే వచ్చేదే సంస్కృతి. ప్రశ్న రాగానే సూత్రం రాసి, నాలుగు దశలకు బాణం గుర్తులు గీసి, చివర "విమర్శ" అని రెండు పాయింట్లు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. మూడేళ్లు నేనూ అదే చేశాను.

మొన్న ఒక మాక్ టెస్టులో మాత్రం కొంచెం తెగించాను. వైట్ మీద వచ్చిన 15 మార్కుల ప్రశ్నకు నల్లమల చెంచులను ఉదాహరణగా రాశాను. పేపరు దిద్దినాయన ఎర్ర ఇంకుతో పక్కన ఇలా రాశారు: "ఇది పేపర్ 2 విషయం. ఇక్కడ అనవసరం." నాలుగు మార్కులు వచ్చాయి. మార్కుల గురించి ఏడవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ ఎర్ర ఇంకు మాటలోనే మన చదువు జబ్బంతా ఉందని చెప్పడానికి రాస్తున్నాను. పేపర్ 1లో శక్తి పెరిగితే సంస్కృతి పెరుగుతుందని రాస్తాం. పేపర్ 2లో ప్రాజెక్టుల వల్ల గిరిజనులు నిర్వాసితులయ్యారని రాస్తాం. ఈ రెండూ ఒకే కథ మొదలూ చివరా అని ఏ నోట్సూ చెప్పదు.

నా వాదన ఇది. శక్తి వినియోగం సంస్కృతిని మలుస్తుందన్నది నిజం. కానీ మలిచేది శక్తి పరిమాణం ఒక్కటే కాదు. ఆ శక్తి ఎవరి నేల నుంచి వచ్చింది, ఎవరింటికి చేరింది, ఏ వేళకు ఇవ్వాలో ఎవరు నిర్ణయించారు అన్నవి కూడా అంతే గట్టిగా మలుస్తాయి. "తలసరి" అన్న ఒక్క మాట ఈ ప్రశ్నలన్నింటినీ కప్పేస్తుంది.

వైట్ అసలేం చెప్పాడు?

విమర్శించే ముందు మనిషి చెప్పింది సరిగ్గా చదవాలి. 1943లో అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ పత్రికలో వైట్ శక్తికీ సంస్కృతి పరిణామానికీ ఉన్న సంబంధం మీద వ్యాసం రాశాడు. అప్పటికి అమెరికాలో ఫ్రాంజ్ బోయాస్ శిష్యులదే రాజ్యం. పరిణామవాదం అంటేనే పాతచింతకాయ పచ్చడి అనుకునే రోజులు. అలాంటి సమయంలో మోర్గాన్, టైలర్‌లను మళ్లీ ముందుకు తెచ్చి, పరిణామానికి కొలబద్ద ఉందనీ, అది శక్తేననీ వాదించడానికి ధైర్యం కావాలి.

ఆయన లెక్కలో సంస్కృతికి మూడు పొరలు. అడుగున సాంకేతిక పొర, దాని మీద సాంఘిక పొర, పైన భావజాలం. అడుగుపొర మారితే పై పొరలు మారతాయి. మొదట మనిషికి ఉన్నది తన ఒంటి బలమే, అశ్వశక్తిలో దాదాపు ఇరవయ్యో వంతు. తర్వాత పంటలనూ పశువులనూ మచ్చిక చేసుకున్నాడు. ఆ తర్వాత బొగ్గు, చమురు. ఆ పైన అణుశక్తి.

మన నోట్సుల్లో జారిపోయే విషయాలు రెండున్నాయి. ఒకటి, వైట్ చెప్పిన శక్తి అంటే కరెంటు ఒక్కటే కాదు. కండబలం, ఎద్దు బలం, పంట పట్టుకున్న ఎండ, అన్నీ అందులో ఉన్నాయి. రెండు, సాంఘిక వ్యవస్థ సాంకేతిక ప్రగతికి అడ్డుపడగలదని ఆయనే ఒప్పుకున్నాడు. ఈ రెండూ వదిలేసి, వైట్ సూత్రం పక్కన తలసరి విద్యుత్ వినియోగం అంకె రాసేస్తే అది వైట్ సిద్ధాంతం కాదు. మన బద్ధకం.

వైట్ గెలిచే చోటు

వైట్‌ను కొట్టిపారేయలేం. మన ఊళ్లే ఆయనకు సాక్ష్యం చెబుతాయి.

వడ్లు రోట్లో దంచి, జొన్నలు తిరగలిలో విసిరిన కాలంలో దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు ఉండేవి. ఏతం తొక్కేవాళ్లకు ఏతం పాట ఉండేది. ఆ పాటలకు రాగం ఇచ్చింది చేతుల కదలిక, పదాల పొడవు నిర్ణయించింది ఊపిరి. రైసు మిల్లు, పిండి మర, కరెంటు మోటారు వచ్చాయి. పాటలు ఆగిపోయాయి. ఎవరూ నిషేధించలేదు. పాటను మోసిన పని పోయింది కాబట్టి పాట పోయింది. అడుగుపొర మారితే పై పొరలు మారతాయనడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. జవాబులో వాడుకోండి.

పాట పోయిందని బాధపడేవాళ్లు ఎవరో కూడా గమనించండి. జానపద సాహిత్యం చదువుకున్న మనం బాధపడతాం. తెల్లవారకముందే లేచి అరచేతులు బొబ్బలెక్కేలా దంచిన మా నాయనమ్మ మాత్రం ఒక్కరోజు కూడా బాధపడలేదు. మిల్లు వచ్చిన రోజు పండగలా ఉందని చెప్పేది. కాబట్టి శక్తి వద్దు, పాత బతుకే బాగుందని నేను అనబోవడం లేదు. నా పేచీ వేరే చోట.

భాగహారంలో జరిగే మోసం

ఒక ఊళ్లో పది ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఒక ఇంట్లో నెలకు 910 యూనిట్లు కాలుతుంది. మిగతా తొమ్మిది ఇళ్లలో తలా 10 యూనిట్లు. మొత్తం 1,000, సగటు 100. ఆ 100 యూనిట్ల ఇల్లు ఆ ఊళ్లో ఎక్కడా లేదు. లేని ఇంటి మీద సిద్ధాంతం కడతామా?

కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం దేశంలో తలసరి విద్యుత్ వినియోగం 2013-14లో 957 యూనిట్లు, 2023-24లో 1,395 యూనిట్లు. పెరుగుదల నిజమే, మంచిదే. కానీ ఈ అంకెలో ఫ్యాక్టరీ ఉంది, మెట్రో రైలు ఉంది, నగరాల్లో ఏసీలు ఉన్నాయి, పొలం మోటారు ఉంది. అన్నింటినీ కలిపి జనాభాతో భాగించారు. దీన్ని చూసి ఫలానా తెగ సంస్కృతి ఎంత ఎదిగిందో చెప్పడం కుదరని పని.

ఇక లెక్కకే ఎక్కని శక్తి సంగతి. డాబా మీద మిరపకాయలు ఎండబెడితే ఏ గణాంకంలోనూ రాదు. అదే పని యంత్రంతో చేస్తే వస్తుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి 1974లో మొదలుపెట్టిన అస్త్ర బృందం కర్ణాటకలో పుర అనే ఊరితో పాటు మరికొన్ని ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి శక్తి లెక్క తీసింది. తేలింది ఏమిటంటే, ఊరు వాడే శక్తిలో అత్యధిక భాగం కట్టెలే. అవి ఎక్కువగా వంటకే. వాటిని ఏరి తెచ్చే శ్రమలో పెద్ద వాటా ఆడవాళ్లది, పిల్లలది. మార్విన్ హారిస్ 1966లో భారతీయ ఆవు గురించి రాసినప్పుడూ ఇదే చూపించాడు. బయటివాళ్లకు పనికిరానట్టు కనిపించే పశువు దుక్కికి ఎద్దునిస్తోంది, పొయ్యికి పిడకనిస్తోంది. మీటరు లేని చోట శక్తి లేదనుకోవడం మీటరు ఉన్నవాళ్ల అలవాటు.

ఎంత అన్నది సరే, ఎప్పుడు?

మాది అచ్చంపేట వైపు మెట్ట ప్రాంతం. బోరు కింద రెండెకరాలు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. మా నాన్నకు అది పెద్ద ఊరట, కాదనను. కానీ ఆ కరెంటు ఎక్కువ రోజులు రాత్రి వచ్చేది. ఒంటిగంటకో రెండింటికో టార్చి పట్టుకుని, గట్ల మీద పాములను చూసుకుంటూ వెళ్లేవాడు. ఆయన తిరిగి వచ్చేదాకా మా అమ్మకు నిద్ర ఉండేది కాదు. పొద్దున బడిలో నేను కునుకు తీసేవాడిని. ఇంటిల్లిపాది ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు తినాలో, చుట్టం ఇంటికి ఏ పూట వెళ్లాలో సబ్‌స్టేషన్ టైము చెప్పేది.

వైట్ సూత్రంలో పెట్టి చూస్తే మా ఊరు ఎదిగింది. ఎద్దుల మోట నుంచి అయిదు అశ్వశక్తుల మోటారుకు వచ్చాం. వినియోగం ఎన్నో రెట్లు పెరిగింది. కానీ మా రాత్రులు మావి కాకుండా పోయాయి. అదే యూనిట్లు పగలు వస్తే బతుకు ఒక రకంగా ఉంటుంది, రాత్రి వస్తే మరో రకంగా ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక ఊళ్లో వాళ్లు ముందుగా చెప్పుకున్నది దిగుబడి గురించి కాదు, నిద్ర గురించి. "ఎప్పుడు" అన్న అక్షరం వైట్ సూత్రంలో లేదు. స్విచ్చి ఎవరి చేతిలో ఉందన్నది అసలే లేదు.

హైమెన్‌డార్ఫ్ మూడు పుస్తకాలు, మూడు శక్తి వనరులు

ఇప్పుడు ఆ ఎర్ర ఇంకు మాటకు జవాబు.

వైట్ వ్యాసం వచ్చిన 1943లోనే క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకం అచ్చయింది. నిజాం రాజ్యంలోని ఆదివాసుల మీద ఆయన రాసిన మూడు సంపుటాల్లో అది మొదటిది. రెండోది 1945లో, పాపికొండల కొండరెడ్ల మీద. మూడోది 1948లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద. ఈ మూడు పుస్తకాల పటాలు తీసి, వాటి మీద నేటి విద్యుత్ పటం పెట్టి చూడండి.

చెంచుల నల్లమల మధ్యలో, కృష్ణ మీద శ్రీశైలం ప్రాజెక్టు ఉంది. కుడిగట్టున 770, ఎడమగట్టున 900, మొత్తం 1,670 మెగావాట్ల సామర్థ్యం. దాని జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. మునిగినవాళ్లలో ఎక్కువమంది నదీతీర రైతులే. చెంచులకు పడిన దెబ్బ వేరు. అడవిలోకి రోడ్లు వచ్చాయి, బయటివాళ్లు వచ్చారు, ఆ తర్వాత పులుల అభయారణ్యం నిబంధనలు వచ్చాయి. కరెంటు తీగలు మాత్రం లోతట్టు పెంటలను దాటుకుని నగరాలకు వెళ్లిపోయాయి.

కొండరెడ్ల గోదావరి మీద పోలవరం కడుతున్నారు. ప్రధానంగా సాగునీటి ప్రాజెక్టు, దాంతో పాటు 960 మెగావాట్ల జలవిద్యుత్. నిర్వాసితులు అధికారిక లెక్కలోనే లక్షకు పైగా కుటుంబాలు. వాళ్లలో కొండరెడ్లు, కోయలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రాజ్‌గోండుల పాత ఆదిలాబాద్ జిల్లా తూర్పు భాగంలో బెల్లంపల్లి, మందమర్రి గనులున్నాయి. 1889లో ఇల్లెందులో మొదలైన బొగ్గు తవ్వకం అక్కడిదాకా విస్తరించింది.

మూడు తెగలు, మూడు చోట్లా శక్తి వనరులు. ఇది కాకతాళీయం కాదు. నది కొండల మధ్య ఇరుకైన చోటే ఆనకట్టకు అనువు. మైదానంలో వ్యవసాయం విస్తరించినకొద్దీ కొండలూ అడవులూ పట్టుకుని మిగిలినవాళ్లే ఆదివాసులు. అందుకే శక్తి కోసం రాజ్యం ఎప్పుడు చెయ్యి చాచినా ఆ చెయ్యి వాళ్ల గుమ్మంలోనే పడుతుంది.

2019 సంగతి గుర్తు చేసుకోండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన మీద జనం తిరగబడ్డారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. వైట్ నిచ్చెనలో అన్నిటికంటే పై మెట్టు అణుశక్తి. అన్నిటికంటే కింది మెట్టు, తవ్వుకోలతో గడ్డలు తీసుకునే చెంచు. పై మెట్టుకు కావలసిన ఖనిజం కింది మెట్టువాడి కాళ్ల కింద ఉంది. ఇక వాళ్లను వెనుకబడినవాళ్లు అనడంలో అర్థమేముంది? వాళ్లు నిచ్చెన ఎక్కకుండా ఆగిపోలేదు. ఆ నిచ్చెనను వాళ్ల నేల మీద ఆనించి మనం ఎక్కాం.

అందుకే చెంచులు పేపర్ 1 జవాబులో కూడా ఉండాలి.

ఎదుటి గుంపుతోనూ పేచీయే

ఇక్కడిదాకా చదివి కొందరు సంతోషించి ఉంటారు. "చూశారా, ఆదివాసులు ప్రకృతితో మమేకమై హాయిగా బతుకుతున్నారు, వాళ్లకెందుకు కరెంటు?" అని రాసే గుంపు ఒకటుంది. మార్షల్ సాలిన్స్ వేటాడే సమాజాలను తొలి సంపన్న సమాజం అన్నాడు కదా అని ఆయన్ను సాక్ష్యానికి పిలుస్తారు. సాలిన్స్ చెప్పింది తక్కువ కోరికలతో, తక్కువ పనిగంటలతో అవసరాలు తీర్చుకోవచ్చని. అడవి చేతిలో ఉన్నంతవరకే ఆ మాట చెల్లుతుంది. అడవి మీద హక్కు తీసేసి, కరెంటు కూడా ఇవ్వకుండా, దాన్ని సంస్కృతి పరిరక్షణ అనడం దగా.

చీకట్లో పురుడు పోసుకునే తల్లికి బల్బు కావాలి. కట్టెల పొయ్యి పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది, అది ఏ తెగ ఊపిరితిత్తులైనా. 2016 మే 1న మొదలైన ఉజ్జ్వల పథకం గ్యాస్ కనెక్షన్ ఇచ్చింది. కానీ బండ ఖాళీ అయ్యాక మళ్లీ నింపించుకునే డబ్బు లేని ఇంట్లో పొగ తిరిగి వచ్చింది. మొదటి గుంపు కనెక్షన్లు లెక్కపెట్టి ప్రగతి అంటుంది. రెండో గుంపు కట్టెల పొయ్యి రుచిని పొగుడుతుంది. ఆ పొయ్యి ముందు కూర్చున్నామెను ఇద్దరూ అడగలేదు.

ఎంత ఉంటే చాలు?

శక్తి పెరిగేకొద్దీ సంస్కృతి హద్దులేకుండా పెరుగుతుందా? కేరళ, గుజరాత్‌లను పక్కపక్కన పెట్టండి. తలసరి విద్యుత్‌లో గుజరాత్ చాలా ముందుంది. అక్షరాస్యతలో, శిశు మరణాలు తగ్గించడంలో కేరళ ముందుంది. ఒక స్థాయి దాకా శక్తి ప్రాణావసరం. ఆ తర్వాత దాన్ని దేనికి వాడుతున్నామన్నదే అసలు విషయం.

అమూల్య రెడ్డి, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు 1985లో ఒక లెక్క వేశారు. సమర్థమైన సాధనాలు వాడితే మనిషికి సగటున ఒక కిలోవాట్ చొప్పున శక్తితో, అంటే కరెంటు ఒక్కటే కాదు అన్ని రకాల శక్తీ కలిపి, పేద దేశాలు కనీస అవసరాలు తీర్చుకోవడమే కాక 1970ల నాటి పశ్చిమ ఐరోపా జీవన ప్రమాణాన్ని అందుకోవచ్చన్నారు. ఇది వైట్‌ను తిరస్కరించడం కాదు. ఆయన సూత్రంలో మనం ఎప్పుడూ పట్టించుకోని "టి"కి, అంటే సామర్థ్యానికి, ప్రాణం పోయడం.

జవాబులో ఏం రాయాలి?

1. సూత్రం, మూడు పొరలు, నాలుగు దశలు నాలుగు వాక్యాల్లో ముగించండి. స్టీవార్డ్ బహురేఖీయ పరిణామం, సాలిన్స్-సర్వీస్ సామాన్య, విశిష్ట పరిణామాల తేడా ఒక్కో వాక్యం.

2. వైట్ బలం చూపడానికి దంపుళ్ల పాట లాంటి సొంత ఉదాహరణ ఇవ్వండి.

3. విమర్శలో "సాంకేతిక నిర్ణయవాదం" అన్న ముద్ర వేసి ఊరుకోకండి. సగటు ఏం దాస్తుందో చూపండి: ఎవరి నుంచి, ఎవరికి, ఎప్పుడు, ఎవరి నిర్ణయం.

4. ముగింపులో పేపర్ 2ను కలపండి. షెడ్యూల్డ్ ప్రాంత గనుల లీజులపై 1997 సమత తీర్పు, గ్రామసభకు గొంతు ఇచ్చిన 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం. 2008 జలవిద్యుత్ విధానం ప్రాజెక్టు బాధిత కుటుంబానికి పదేళ్లపాటు నెలకు 100 యూనిట్లు ఇవ్వాలంది. నేల ఇచ్చినవాడికి కరెంటులో వాటా ఉందన్న చిన్న ఇంగితం కాగితం మీదికి రావడానికి, శ్రీశైలం ఊళ్లు ఖాళీ చేయించాక పాతికేళ్లకు పైగా పట్టింది.

మార్కులు పోతాయేమో అని భయమా? నాకు పోయాయి. అయినా ఇలాగే రాస్తాను. కారణం ఒక్కటే. మనలో కొందరు రేపు సబ్ కలెక్టరో, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారో అవుతారు. ఆ రోజు టేబుల్ మీదికి ఒక ఫైలు వస్తుంది. ఇన్ని మెగావాట్లు, ఇన్ని కుటుంబాలు, ఇంత పరిహారం. "తలసరి శక్తి పెరిగితే సంస్కృతి పెరుగుతుంది" అని పదిసార్లు రాసి అలవాటైన చెయ్యి ఆ ఫైలు మీద చకచకా సంతకం పెట్టేస్తుంది. ఆ సంతకానికి ముందు ఒక్కరోజు ఆగి ఆ పెంటకు వెళ్లి రావాలనిపించాలంటే, ఆ అలవాటు ఇప్పుడే, ఆన్సర్ షీటు మీదే మొదలవ్వాలి.

సాధన ప్రశ్న: "శక్తి వినియోగం సంస్కృతిని మలుస్తుంది. శక్తి పంపిణీ ఆ సంస్కృతిలో ఎవరి స్థానం ఏమిటో నిర్ణయిస్తుంది." నవ పరిణామవాదం వెలుగులో, దక్షిణ భారత ఆదివాసుల ఉదాహరణలతో చర్చించండి. (20 మార్కులు)

రాసి చూడండి. నాతో విభేదిస్తే ఇంకా మంచిది. ఎందుకు విభేదిస్తున్నారో మాత్రం ఒక ఊరి పేరుతో సహా రాయండి.